పాత హెలికాప్టర్ ధర రంగులో లేదు, లాగ్‌బుక్‌లో ఉంది

సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నిగనిగలాడే ఒంటిని చూసి బేరం ఖాయం చేసుకోడు. విశాఖలో పాత హెలికాప్టర్ కొనాలనుకునే వ్యాపారికీ ఆ చూపే కావాలి.

ఒకే టర్బైన్ ఇంజన్ ఉన్న రాబిన్సన్ ఆర్66నే తీసుకోండి. దాని ఓవర్‌హాల్ గడువు, అంటే మొత్తం విప్పి బాగుచేయించాల్సిన గడువు, 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. 1,700 గంటలు తిరిగినది చవకగా వస్తోందంటే మీరు కొంటున్నది 300 గంటలే. పదకొండేళ్లుగా షెడ్డులో ఉండి 400 గంటలే తిరిగిందంటే అది ఇంకా మాయదారి బేరం. దానికి మిగిలింది ఒక్క ఏడాది. ‘తక్కువ తిరిగింది’ అన్న మాట కార్ల సంతలో చెల్లుతుందేమో!

బెల్ 206 జెట్‌రేంజర్ తయారీ 2010లోనే ఆగింది కాబట్టి దొరికేవన్నీ వయసు మీరినవే. అంతమాత్రాన చెడ్డవని కాదు. రోటర్ బ్లేడ్లు (పైన తిరిగే రెక్కలు), వాటిని మోసే నిలువు ఇరుసు మాస్ట్ వంటి కీలక భాగాలకు వేర్వేరు ఆయుర్దాయం ఉంటుంది. ఏ భాగాన్ని ఎప్పుడు బిగించారో, ఎన్ని గంటలు తిరిగిందో సీరియల్ నంబరుతో సహా కార్డులో రాసి ఉంటుంది. ఆ కార్డు పోయిన బ్లేడు ఎంత తళతళలాడినా తుక్కు కిందే లెక్క.

కాగితాలకు ఎక్కని తప్పులూ ఉంటాయి. జెట్‌రేంజర్‌ను స్టార్ట్ చేసేటప్పుడు టర్బైన్ దగ్గరి వేడి 810, 927 డిగ్రీల మధ్య పది సెకన్లకు మించి ఉండకూడదు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంజన్ తగినంత వేగంగా తిరగదు, గాలి చాలదు, వేడి హద్దు దాటుతుంది. పైలట్ ఆ సంగతి రాయకపోతే బయటికి ఏమీ తెలియదు. అందుకే ఇంజన్ లోపలికి బోరోస్కోప్ (సన్నని గొట్టపు కెమెరా) పంపి చూడాలి. చూసేది మీ ఇంజనీరు కావాలి, అమ్మేవాడి మనిషి కాదు.

ఇక మన ఉప్పుగాలి. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలకు పట్టే తుప్పు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ మ్యూజియంగా నిలబెట్టిన పాత టీయూ-142 విమానానికి రంగు వేస్తే సరిపోతుంది, ఎగరాల్సిన దానికి సరిపోదు. గేర్‌బాక్స్ తొడుగుల్లో వాడే మెగ్నీషియం మిశ్రమాన్ని ఉప్పు త్వరగా తినేస్తుంది. ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే కంప్రెసర్ బ్లేడ్ల మీద సన్నని గుంటలు పడతాయి. సముద్రం పక్కన ఎగిరిన రోజున కంప్రెసర్‌ను శుభ్రమైన నీటితో కడగాలి. ఆ పని చేసినట్టు ఎక్కడైనా రాసి ఉందా? నన్నడిగితే తీరంలో కడగకుండా ఉంచిన 1,000 గంటల యంత్రం కన్నా, పొడి ప్రాంతంలో 4,000 గంటలు తిరిగి ప్రతి పేజీ సరిగా ఉన్నదే మేలు.

చివరగా, గేర్‌బాక్స్‌లో అరిగిన లోహపు పొడిని పట్టే అయస్కాంతపు ప్లగ్గును మీ కళ్లముందే విప్పించండి. మొనకు అంటిన బూడిదరంగు నూగు మామూలే. గోటికి తగిలే లోహపు రేకు కనిపిస్తే మాత్రం బయానా జేబులోనే ఉంచుకోండి.