పాత బూట్లకి పాదుకా పట్టాభిషేకం

పాత చెప్పులు పారేసే రోజులు పోయాయండీ, ఇంకా ఎవరైనా పారేస్తుంటే వాళ్ళని చూసి జాలిపడటం తప్ప మనం చేయగలిగేదేం లేదు. రామాయణంలో భరతుడు పాదుకలకి పట్టాభిషేకం చేసి పద్నాలుగేళ్ళు రాజ్యం నడిపాడు గానీ వాటికి పువ్వుల గుడ్డ అంటిద్దామన్న ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు, పక్కనే ఉన్న శత్రుఘ్నుడికీ రాలేదు. ఆ లోటు ఇప్పుడు తీరింది. ఘనాలోని అక్రా, నైజీరియాలోని లేగోస్ ఇళ్ళల్లో జోరుగా నడుస్తున్న విద్య ఇది, రంగు వెలిసిన షూ తీసుకుని దాని మీద అంకారా అనే రంగురంగుల ఆఫ్రికన్ ప్రింట్ గుడ్డ అంటించేయడం. అప్‌సైక్లింగ్ అంటారు. మా ఊళ్ళో అతుకు వేయడం అనేవాళ్ళు, కాకపోతే అప్పట్లో దానికి వీడియో తీసేవాళ్ళు కాదు.

ముందు ఆ గుడ్డ గురించి చెప్పాలి, దాని పాస్‌పోర్ట్ చాలా పెద్దది. అసలు మూలం జావా బాతిక్, అంటే ఇండోనేషియాలో మైనం పెట్టి రంగులద్దే గుడ్డ. డచ్చివాళ్ళు దాన్ని మిషన్ల మీద చవగ్గా కొట్టి తిరిగి జావా వాళ్ళకే అమ్ముదామని మహా ప్లాన్ వేశారు, కానీ ఆ పద్ధతిలో గుడ్డ నిండా సన్న పగుళ్ళలాంటి గీతలు పడేవి, జావా వాళ్ళు ఇదేం పనితనం అని మొహం తిప్పేసుకున్నారు, తర్వాత 19వ శతాబ్దం చివర్లో అలాంటి సరుకే గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో దిగితే అక్కడివాళ్ళకి ఆ గీతలే తెగ నచ్చేశాయి. 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో పుట్టిన వ్లిస్కో కంపెనీ ఇప్పటికీ అక్కడే ఈ గుడ్డ తయారుచేస్తోంది, ఘనాలో కూడా మిల్లులున్నాయి, చైనా నుంచి వచ్చేది ఇంకా చవక. అంటే జావా డిజైను, డచ్చి మిషను, చైనా రేటు.

మరి ఆఫ్రికా వాటా ఏంటయ్యా అంటే, అసలైనదే. ఆ గుడ్డకి నోరిచ్చింది అక్కడి ఆడవాళ్ళు. పిట్టలు ఎగురుతున్న డిజైన్‌కి ఘనాలో ‘డబ్బుకి రెక్కలుంటాయి’ అని పేరు. ఫ్రెంచ్ మాట్లాడే దేశాల్లో ఒక డిజైన్ పేరు ‘నా సవతి కన్ను’, ఇంకోటి తలుపు తెరిచిన పంజరం, దాని పేరు ‘నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా’. మొగుడితో ఒక్క మాట మాట్లాడకుండా, ఆ గుడ్డ కట్టుకుని అతని ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే చాలు. టోగోలోని లోమేలో ఈ గుడ్డలు హోల్‌సేల్‌గా అమ్మి బెంజి కార్లు కొన్న ఆడవాళ్ళకి నానా బెంజ్ అని పేరే పడిపోయింది. ఆవిడలు గుడ్డ అమ్మి కారెక్కారు, మనం అదే గుడ్డని అరిగిపోయిన షూకి ఎక్కిస్తున్నాం. నాగరికత ముందుకే పోతోంది, అనుమానం అక్కర్లేదు.

మా వదిన వాళ్ళు అక్రాలో ఉంటారు. ఒకరోజు వీడియో కాల్‌లో ఈ యజ్ఞం మొత్తం చూపించింది. మకోలా మార్కెట్‌కెళ్ళి పిట్టల గుడ్డే తెచ్చుకుంది, ఆరు గజాలు, నిజానికి షూ జతకి అర గజం కూడా ఎక్కువే. కొత్త గుడ్డ గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటుంది, ఉతక్కపోతే గమ్ము పట్టదు, అందుకని ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసింది. షూని గరుకు కాగితంతో రుద్దింది. ముందు వైపు నుంచి గమ్ము రాసుకుంటూ గుడ్డ పరిచింది, బొటనవేలి దగ్గర వంపులో ముడతలొచ్చాయి, పీకి మళ్ళీ అంటించింది, మళ్ళీ వచ్చాయి, మడమ దగ్గర గుడ్డకి చిన్న చిన్న గాట్లు పెట్టి, అంచు మొత్తం సోల్‌కీ షూకీ మధ్య సందులోకి ఐస్‌క్రీం పుల్లతో దూర్చుకుంటూ పోయింది. ఇదంతా అయ్యేసరికి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఫోన్ కట్ చేయలేక నన్నే కట్ చేయమంది.

ఆరు గజాల మీద ఎగిరే పిట్ట షూ మీద ఎంత కనిపిస్తుందో మీరే ఊహించుకోండి. ఎడమ కాలికి ఒక రెక్క వచ్చింది, కుడి కాలికి తోక వచ్చింది. తలకాయ సోల్ కిందికి పోయింది. డబ్బు మాత్రం మొత్తం ఎగిరిపోయింది, ఎందుకంటే గుడ్డ కాకుండా గమ్ము, బ్రష్షు, పైన పూయడానికి వార్నిష్, మంచి కత్తెర, గరుకు కాగితం, ఇవన్నీ కొత్తగా కొన్నవే. ఒక షూ జత చెత్తలోకి పోకుండా కాపాడటానికి ఐదు ఖాళీ డబ్బాలు, ఏడు ప్లాస్టిక్ కవర్లు చెత్తలోకి పోయాయి. త్యాగం లేనిదే పర్యావరణం ఎక్కడుంటుంది.

అసలు సమస్య తర్వాత మొదలైంది. మిగిలిన గుడ్డ ఏం చేయాలి? ఇంట్లో పాత షూస్ అన్నీ అయిపోయాయి, అన్నయ్య ఆఫీసు షూస్ మీద కన్నేస్తే ఆయన వాటిని కార్లో దాచుకున్నాడు. దాంతో వదిన కాంటమాంటో మార్కెట్‌కెళ్ళి పాత షూస్ కొనుక్కొచ్చింది. మళ్ళీ చదవండి, పాత షూస్ పారేయకుండా ఉండటం కోసం పాత షూస్ కొన్నది.

కాంటమాంటో అంటే యూరప్, అమెరికా వాళ్ళు దానం చేశామనుకుని తృప్తిపడే పాత బట్టలు, షూస్ బేళ్ళ కొద్దీ దిగే చోటు. అక్కడ వాటిని ఓబ్రోని వావు అంటారు, చచ్చిపోయిన తెల్లోడి బట్టలని. అక్కడ కూర్చుని ఉతికేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, సోల్ కుట్టేవాళ్ళు పొద్దున్నించి రాత్రి దాకా చేసేది ఇదే పని, కాకపోతే వాళ్ళకి అది హాబీ కాదు, సాయంత్రం అన్నం. 2025 జనవరి 1 రాత్రి అగ్ని ప్రమాదంలో వేల కొట్లు కాలిపోతే మళ్ళీ కట్టుకుని అక్కడే కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ సస్టైనబిలిటీ మీద స్పీచ్ ఇమ్మని పిలవరు, పిలిస్తే బేరం పోతుంది కాబట్టి వాళ్ళూ రారేమో.

మన చీరాలకి కూడా ఇందులో పాత చుట్టరికం ఉంది. అక్కడి మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డ, రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే పేరుతో నైజీరియాకి పోయేది. అలాంటి గళ్ళ గుడ్డల్లోంచి అక్కడి కలబారి అనే తెగ ఆడవాళ్ళు ఒక్కో దారం బ్లేడుతో కోసి లాగేసి తమ డిజైన్ తాము పుట్టించుకునేవాళ్ళు. గమ్ము లేదు, వార్నిష్ లేదు, కొత్తగా కొన్నదేం లేదు, ఉన్నదాంట్లోంచి తీసేయడమే. వీడియోకి అస్సలు పనికిరాని పద్ధతి, చాలా టైం పడుతుంది.

వదిన షూ సంగతికొస్తే, జూన్ వానల్లో ఒక్కసారి వేసుకెళ్ళింది, ముందు భాగం నోరు తెరిచింది. కాంటమాంటోలో కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్తే అతను గుడ్డ మొత్తం లాగేసి, లోపలి షూని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది బాగానే ఉంది కదమ్మా, నల్ల పాలిష్ కొడితే సరిపోయేది అన్నాడట.

“మరి ఆపేస్తావా వదినా?” అని అడిగాను.

“ఆపడమేంట్రా, ఇంకా నాలుగు గజాలుంది. సంక్రాంతికి వస్తున్నాం, మీ ఇంట్లో పాత చెప్పులేమున్నాయో తీసి పక్కన పెట్టు.”

నావి మొన్నే కొన్నవి. సంక్రాంతి లోపు అరగ్గొట్టడానికి రోజూ రైతుబజారుకి నడిచి వెళ్తున్నాను.