చుక్కాని పెద్దది చేస్తే పడవ మాట వింటుందా?

గాలి ముదిరినప్పుడు తెరచాప పడవ ముక్కు గాలికేసి తిరగబోవడానికి చుక్కాని చిన్నది కావడమే కారణమనీ, పెద్ద చుక్కాని బిగించి, తెరచాప కట్టే నిలువు కొయ్యను వెనక్కి వాల్చి, తెరచాపను గట్టిగా లాగి కడితే చుక్కాని పిడి చేతికి బరువే తగలదనీ చెప్పే సందేశమొకటి కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఫోన్లలో తిరుగుతోంది. దీన్ని నమ్మి ఎదురుగాలిలో సముద్రం మీదికి వెళ్లడం ప్రమాదం కనుక, ఇందులోని ప్రతి మాటనూ పరిశీలించక తప్పదు.

ముందుగా కారణం సంగతి. తెరచాప మీద పడే గాలి బలమంతా ఒక బిందువు దగ్గర ఉందనుకుంటే, పడవ పక్కకు జరగకుండా నీరు అడ్డుకునే బిందువుకు అది వెనకగా ఉన్నప్పుడు ముక్కు గాలికేసి తిరుగుతుంది. పడవ పక్కకు వాలినకొద్దీ ఈ తిరుగుడు ఇంకా పెరుగుతుంది. వాలిన తెరచాప పడవ అంచు దాటి నీటి మీదికి వెళ్లి అక్కడినుంచి ముందుకు లాగుతుంది. లాగుడు ఒక పక్కనే పడుతుంది కాబట్టి ముక్కు రెండో పక్కకు, అంటే గాలి వచ్చే వైపుకు మళ్లుతుంది. నీట మునిగిన పొట్ట కూడా ఒకవైపు ఉబ్బుగా, రెండోవైపు చదునుగా మారి అదే మలుపుకు తోడవుతుంది. దీనికితోడు పాత తెరచాప గుడ్డ గాలికి సాగి, దాని లోతు, అంటే గుడ్డ ఎక్కువగా ఉబ్బే చోటు, వెనక అంచువైపు జరుగుతుంది. వీటిలో ఏదీ చుక్కాని వల్ల వచ్చింది కాదు.

పెద్ద చుక్కాని బొత్తిగా పనికిరాదని నేను అనను. నీటిలో దాని వెడల్పు పెరిగితే నీరు అడ్డుకునే బిందువు కొంత వెనక్కి జరిగి, పిడి మీద భారం కాస్త తగ్గవచ్చు. అయితే చుక్కాని 3 నుంచి 5 డిగ్రీల కోణంలో ఉన్నంతవరకే హాయిగా పనిచేస్తుంది. 10 డిగ్రీలు దాటితే పడవ వేగాన్ని తినేస్తుంది, 20కి చేరేసరికి పట్టు తప్పే స్థితి వస్తుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి: చుక్కాని వెనక నీళ్లు నున్నగా జారకుండా నురగతో సుడులు తిరుగుతుంటే, అప్పుడది పడవను నడపడం లేదు, ఆపుతోంది. ఆ భారమంతా చివరకు చుక్కానిని పట్టి ఉంచే బందుల మీదే పడుతుంది.

కొయ్యను వెనక్కి వాల్చమనే సలహాలో సగం నిజముంది, అందుకే అది ఎక్కువ మోసం చేస్తుంది. కొన్ని చిన్న పందెపు పడవల్లో గట్టి గాలికి కొయ్యను వెనక్కి వాల్చే మాట వాస్తవమే, కానీ అక్కడ తెరచాప వెనక అంచు పైన తెరుచుకుని గాలిని వదిలేలా అమరుస్తారు, పడవ పక్కకు జరగకుండా నీటిలోకి దించే నడిమి పలకను కూడా కొంత పైకెత్తుతారు. అవేమీ చేయకుండా కొయ్యను మాత్రమే వాలిస్తే గాలి బలం వెనక్కి జరిగి తిరుగుడు పెరుగుతుంది. వాలు ఎంతుందో తెలుసుకోవాలంటే పడవను గట్టుమీద సమంగా నిలిపి, కొయ్య తల నుంచి దిగే తాడుకు బరువు కట్టి, అది వేలాడే చోటుకూ కొయ్య మొదలుకూ మధ్య దూరం కొలవాలి. మార్చినప్పుడల్లా ఆ కొలత రాసుకోవాలి.

తెరచాపను బిగించి లాగడం మరీ తప్పు. ఉధృతంగా వచ్చే గాలికి బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య) తాడు వదులు చేయాలి. తెరచాప ముందు అంచునూ అడుగు అంచునూ మాత్రం గట్టిగా సాగదీయాలి, అప్పుడు గుడ్డ చదునై లోతు ముందుకొస్తుంది. అప్పటికీ పడవ వాలుతూనే ఉంటే ఆలస్యం చేయకుండా తెరచాపను కొంత మడిచి కట్టాలి. పడవ నిటారుకు రాగానే పిడి మీది బరువు చాలావరకు తగ్గడం చేతికే తెలుస్తుంది.

ఇక పిడికి బరువే తగలకూడదన్న మాట. చేయి జారినప్పుడు పడవ తనంతట తాను గాలికేసి తిరిగి నిలిచిపోవాలంటే, చేతికి కొద్దిపాటి బరువు తగులుతూ ఉండాలి. ఆ బరువు వ్యతిరేక దిశలో ఉంటే, పిడి వదిలిన క్షణంలో పడవ గాలికి వీపు తిప్పి, బూమ్ ఒక్కసారిగా రెండోవైపుకు విసురుగా కొట్టుకొస్తుంది, తలలు పగిలేది అప్పుడే.