మహారాజశ్రీ ‘ఓపీ బంద్’ కాగితం గారికి

మహారాజశ్రీ ‘ఈ రోజు ఓపీ లేదు’ కాగితం గారి దివ్యసముఖానికి, బెంగళూరు నుంచి ఒక రోగి బంధువు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి వీల్లేదు. మేము కుశలంగా ఉంటే మీరు అంటుకున్న గుమ్మం తొక్కే పనే ఉండదు. మీ క్షేమసమాచారాలు మాత్రం పత్రికల్లో ఎప్పటికప్పుడు చదువుతూనే ఉన్నాం.

చూపులకు మీరు అంత ఘనుల్లా కనిపించరు. డాక్టర్లు సమ్మె చేసే రోజున ఆసుపత్రి తలుపుకు అంటించే ఒక తెల్ల కాగితం, నాలుగు మూలలా గోధుమరంగు టేపు, పైన కన్నడంలో రెండు వరుసలు, కింద ఇంగ్లీషులో రెండు వరుసలు, చివర ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’. అంతే. కానీ ఎమ్మెల్యేలు ఎండలో ఇల్లిల్లూ తిరిగి దండాలు పెడితే గానీ రాని బలం, మీకు షట్టరుకు అంటుకుని నిలబడితే వచ్చేస్తుంది. మీరు ఓటు అడగరు, డిపాజిట్ కట్టరు, ఓడిపోరు.

2017 నవంబరులో మీ ప్రతాపాన్ని కర్ణాటక అంతా చూసింది. బెళగావిలో శాసనసభ సమావేశాలు జరుగుతున్నాయి. ప్రైవేటు వైద్య సంస్థల మీద 2007లో చేసిన చట్టానికి కోరలు తొడగాలని అప్పటి ఆరోగ్యమంత్రి రమేశ్ కుమార్ పట్టుబట్టారు. చికిత్సల రేట్లకు ప్రభుత్వం హద్దు పెట్టాలి, హద్దు మీరి వసూలు చేస్తే జైలు ఉండాలి, రోగుల గోడు వినడానికి జిల్లాల్లో ఒక ఏర్పాటు ఉండాలి అన్నది ఆ సవరణ సారాంశం. మీకు కోపం వచ్చింది. రాష్ట్రమంతటా ప్రైవేటు ఆసుపత్రుల తలుపుల మీద ఒక్కసారిగా వెలిశారు. సర్కారు ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. వైద్యం అందక చనిపోయారన్న వార్తలు వచ్చాయి. చివరికి హైకోర్టు కలగజేసుకుని సమ్మె ఆపమనాల్సి వచ్చింది.

ఆ వారంలోనే మా పెద్దనాన్న కదిరి నుంచి దిగారు. బెంగళూరులో ఇల్లున్న రాయలసీమవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ముందుగది మనదే అయినా అది సగం సత్రం, దివాన్ మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఎక్స్‌రే కవరు ఉంటుంది. పెద్దనాన్నకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం అంతంతమాత్రం. షట్టరు ముందు నిలబడి మీ అక్షరాలను కూడబలుక్కుంటూ ఉంటే పక్క మందుల షాపు కుర్రవాడు చదివిపెట్టాడు: “ఓపీ లేదు తాతా, ఎమర్జెన్సీ మాత్రమే చూస్తారు.” మందుల షాపుకు బంద్ లేదన్న సంగతి గమనించగలరు. పెద్దనాన్న కాసేపు ఆలోచించి, “ఎమర్జెన్సీ అనిపించుకోవాలంటే ఎంత నొప్పి ఉండాలి నాయనా?” అని అడిగారు. దీనికి మీలో జవాబు రాసి లేదు. ఇంకో రెండు వరుసలకు చోటుంది, ఈసారి ఆలోచించండి.

సరే, చట్టం సంగతి. నెల తిరగకముందే సవరణ ఆమోదం పొందింది, మీరు చెప్పిన చోటల్లా కత్తెర పడి. అధిక వసూలుకు జైలు పోయింది. రేట్ల హద్దు ప్రభుత్వ పథకాల కింద జరిగే చికిత్సల వరకే మిగిలింది. జేబులోంచి కట్టే పెద్దనాన్న లాంటివారిని దేవుడికే వదిలేశారు. అయితే ఒక మంచి నిబంధన బతికి బయటపడింది: బాకీ ఉందని శవాన్ని ఆపకూడదు. బిల్లు కట్టకుండా ఆసుపత్రి గడప దాటే హక్కు మాకు ఆ విధంగా దఖలు పడింది. కాకపోతే అందుకు ముందు చనిపోవాలి.

2023 మార్చిలో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం తెచ్చినప్పుడు కూడా మీరే దిగారు. అత్యవసర వైద్యం ముందు చేయండి, డబ్బు తర్వాత చూద్దాం అంటే ఆ డబ్బు ఎవరిస్తారని డాక్టర్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏప్రిల్ మొదటి వారంలో రాజీ కుదిరింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులకు మినహాయింపు దొరికింది. హక్కు మిగిలింది, అది చెల్లే తలుపులు తగ్గాయి.

ఆ ఏడాదే ఆగస్టులో మీకు శ్రమ కూడా తప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2వ తేదీన కొత్త నియమావళి ప్రకటించింది: మందులు జనరిక్ పేర్లతో రాయాలి, మందుల కంపెనీల ఖర్చుతో జరిగే సదస్సులకు వెళ్ళకూడదు. భారత వైద్య సంఘం గొంతెత్తింది. జనరిక్ మందుల నాణ్యత మీద గట్టి తనిఖీ లేనప్పుడు ఆ పేర్లు రాయమంటే ఎలా అన్న వాదనను నేను కొట్టిపారేయను. మా ఇంట్లోనూ అదే భయం ఉంది. కానీ 23వ తేదీన నియమావళి మొత్తం పక్కన పెట్టేశారు. మాత్రల నాణ్యత మీద అనుమానం ఉంటే విందు భోజనాల నిబంధన ఎందుకు ఆగాలి? పన్నీరు టిక్కాకు తనిఖీ ఎవరూ అడగలేదే!

అసలు ఈ దారి అంతకుముందే వేసి ఉంది. కంపెనీల కానుకలు పుచ్చుకోరాదన్న నిబంధన ఒకప్పుడు డాక్టర్లకూ వర్తించేది, వాళ్ళ సంఘాలకూ వర్తించేది. 2016లో, ఈ కమిషన్‌కు ముందున్న భారత వైద్య మండలి, సంఘాలను అందులోంచి తప్పించింది. డాక్టరు పుచ్చుకుంటే తప్పు, డాక్టర్లందరూ కలిసి పుచ్చుకుంటే సభ్యత్వ సౌకర్యం. అంతకు ముందు 2008లో పండ్లరసం, ఓట్స్ డబ్బాల మీద భారత వైద్య సంఘం తన ముద్ర వేయడానికి ఒప్పుకుంది కూడా. దాని మీద 2010లో వైద్య మండలి చర్య తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో పతంజలి ప్రకటనల మీద సంఘం వేసిన కేసు వింటూ సుప్రీంకోర్టు, ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి అని సంఘానికే చెప్పింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది మన పెద్దలు ఎప్పుడో చెప్పిందే, కోర్టు ఫీజు లేకుండా.

అన్నిసార్లూ మిమ్మల్ని తప్పుపట్టను. 2024 ఆగస్టు 17న, కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరును అత్యాచారం చేసి చంపినందుకు మీరు దేశమంతటా తలుపులెక్కారు. ఆ రోజు మిమ్మల్ని చూసి ఎవరూ విసుక్కోకూడదు. డాక్టరును కొట్టే చెయ్యి ఏ రోగి బంధువుదైనా దాన్ని వెనకేసుకు రాను.

అడిగేది ఒక్కటే. అంత బలం ఉండి, మా కోసం ఒక్క పూట అంటుకోలేదేమి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేడని, అవసరం లేని స్కానింగు రాశారని, బిల్లులో ‘ఇతరములు’ అన్న వరుసకు అర్థం చెప్పలేదని మీరు ఎక్కడైనా వెలిస్తే నేనే టేపు పట్టుకొస్తాను.

మా గుమ్మాల మీద ఇప్పటికే చాలా శ్రమపడ్డారు కాబట్టి, ఈసారి కాస్త మంచి చోటికి వెళ్ళమని ప్రార్థన. మందుల కంపెనీ ఖర్చుతో సదస్సు జరిగే పెద్ద హోటల్లో, ఆ హాలు తలుపు మీద ఒక్క రోజు నిలవండి. ‘ఈ రోజు సదస్సు లేదు. అత్యవసరమైతే భోజనాలు మాత్రమే. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’ ఎంత ఆకలి ఉంటే అత్యవసరం అవుతుందో వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. కింద చోటుంది కదా, రాసిపెట్టుకోండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
కదిరి పెద్దనాన్న గారి తరఫున,
బెంగళూరు సత్రం యజమాని