బోరు నీళ్లు ఉప్పనైతే అడిగే హక్కు ఎవరిది?

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట లాంటి తీర మండలాల్లో రొయ్యల గుంటల పక్క బోరు ఉప్పునీళ్లు పోస్తే కోర్టుకు ఎవరు వెళ్లాలి? పక్క పొలం రైతు వెళ్లొచ్చు, ఆయనకు పట్టా ఉంది. మరి ఆ బోరు నీళ్లే బిందెతో మోసుకెళ్లే కూలీ? ఆమెకు సెంటు భూమి లేదు. ‘నీకేం సంబంధం?’ అనే ప్రశ్న ముందు ఆమెకే ఎదురవుతుంది. లాయర్లు దీన్నే లోకస్ స్టాండై అంటారు.

ఆ ప్రశ్న అడగొద్దని మేం అనం. ఉడుపిలో ఇళ్ల మధ్య నిబంధనలకు విరుద్ధంగా సినిమా హాలుకు అనుమతిస్తే, పక్కింటాయన వేసిన కేసును సుప్రీంకోర్టు 1974లో విన్నది. మరుసటి ఏడాది ఒక హాలు యజమాని, పోటీగా ఇంకో హాలు రాకూడదని వెళ్తే ఒప్పుకోలేదు. వ్యాపారం తగ్గడం వేరు, చట్టం ఇచ్చిన హక్కుకు దెబ్బ తగలడం వేరు. ఈ తేడా చూడకపోతే కక్ష తీర్చుకునేవాళ్లే కోర్టుల నిండా ఉంటారు.

కానీ పేదరికం వల్ల గడప తొక్కలేనివాళ్ల తరఫున, మంచి ఉద్దేశంతో ఎవరైనా రావచ్చని 1981లో ఎస్.పి. గుప్తా కేసులో అదే కోర్టు చెప్పింది. మన తీరం ఆ మాట విలువను కళ్లారా చూసింది. రొయ్యల గుంటలపై 1996లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుకు మూలమైన పిటిషన్ వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. నెల్లూరు జిల్లా మత్స్యకార పల్లె తాగునీటి గోస కూడా ఆ తీర్పులోకి ఎక్కింది. ‘మీది ఆ ఊరు కాదు కదా’ అని ఆయన్ను గుమ్మంలోనే ఆపి ఉంటే ఆ గోస ఎక్కడ నమోదయ్యేది?

అంత దూరం వెళ్లక్కర్లేని దారీ ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద, అందరికీ ఇబ్బంది కలిగించే పని మీద కనీసం ఇద్దరు మనుషులు కోర్టు అనుమతితో దావా వేయొచ్చు. తమకు విడిగా నష్టం జరిగిందని చూపక్కర్లేదు. ఊళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోతున్నారు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తన శిబిరాన్ని ఆ తీరపల్లెల్లో, బిందెలు వరసకట్టిన చోటే పెట్టాలి. దావా కాగితం అక్కడే రాయించాలి.