స్త్రీ అంటే ఆరు అక్షరాలు

కళలకీ స్థానిక చరిత్రకీ నగరపాలక సంస్థ ఇచ్చే గ్రాంటు కోసం మేమూ దరఖాస్తు పెట్టాం. మేము అంటే నేను, బొమ్మలు వేసే మా తమ్ముడు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన. పేటలో ఎనభై దాటిన వాళ్ళ చేత పాత సంగతులు చెప్పించి రికార్డు చేయాలి. వాటిలో బాగున్న పదింటిని ఒక పొడవాటి గోడ మీద బొమ్మలుగా వేయాలి. అంతే. నోటితో చెబితే రెండు నిమిషాలు, ఫారంలో పెడితే మూడు వారాలు.

ఆ మూడు వారాల సంగతి ఇక్కడ చెప్పను. రిజిస్టరైన సంస్థ కాకపోతే డబ్బు చేతికివ్వరు కాబట్టి ఒక సంస్థ నీడన చేరాం, ఆ నీడకి కొంత శాతం ఒప్పుకున్నాం. గోడ గలాయన చేత అనుమతి రాయించుకున్నాం. రేపు రంగు వెలిసిపోతే ఎవరు దిద్దుతారో కూడా ఈరోజే తేల్చాం. గ్రాంటుకు సమానంగా మన వాటా చూపించాలన్నారు. అది డబ్బే కానక్కర్లేదు, ఊరికే చేసే పని గంటలకు వెల కట్టి చూపినా చాలన్నారు. మా తమ్ముడు తన గంటకు కట్టుకున్న వెల చూశాక వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. ముందు మన డబ్బు ఖర్చుపెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత తిరిగి ఇస్తారట. డబ్బు లేకే కదా గ్రాంటు అడుగుతున్నాం అని అడగాలనిపించింది గానీ, ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఇవన్నీ దాటి, గడువుకు ముందు రోజు రాత్రి ఏడో ప్రశ్న దగ్గర పడ్డాం.

"మీ ప్రాజెక్టును వివరించండి. 500 అక్షరాలకు మించరాదు."

పైన "తెలుగులో కూడా నింపవచ్చు" అని ఉంది. మాస్టారు ఆ "కూడా" దగ్గరే కాస్త నొచ్చుకున్నారు, సర్దిచెప్పాను. ఆయన నాలుగు రోజులు కూర్చుని రాసిన పేరా చక్కగా ఉంది. అచ్చులూ హల్లులూ వేలు పెట్టి లెక్కపెట్టి 460 అన్నారు. తెచ్చి గడిలో అతికించాను. గడి కింద ఎర్ర అంకె వెలిగింది: 1,038.

యంత్రం చెడిందనుకున్నాం. పేరా అంతా చెరిపేసి, పరీక్షగా "స్త్రీ" అని కొట్టాను. ఒక్క అక్షరం. అంకె ఆరు చూపించింది.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆరే.

మా తమ్ముడు విప్పి చెప్పాడు. కంప్యూటరుకు స్త్రీ అంటే ఒకటి కాదట. స, దాని తర్వాత పొల్లు, త, దాని తర్వాత మరో పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం. మొత్తం ఆరు. మనం అక్షరం అనుకునేది వేరు, అది నిల్వ చేసుకునేది వేరు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి పట్టికను యూనికోడ్ అంటారు, తెలుగు అందులోకి వచ్చింది 1991లో. ముప్పై ఏళ్ళు దాటాయి. అక్షరాన్ని అక్షరంగా లెక్కపెట్టే పద్ధతి కూడా ఉందట, ఈ ఫారం చేసినవాళ్ళు ఆ మాత్రం శ్రమ పడలేదట.

మాస్టారికి ఇది సాంకేతిక సమస్యగా కనిపించలేదు, అవమానంగా కనిపించింది. "ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. చంపకమాలకు 21. అందులో క అన్నా ఒకటే, స్త్రీ అన్నా ఒకటే. నన్నయ నాటి నుంచీ అదే లెక్క. మధ్యలో వీళ్ళెవరయ్యా?" అన్నారు. రాత్రి పదిన్నరకు ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సహాయ కేంద్రానికి పగలే ఫోన్ చేసి ఉంటే అక్కడా ఉండేది కాదని తర్వాత తెలిసింది. అక్కడి అబ్బాయి చెప్పింది ఒకటే: "ఇంగ్లీషులో నింపండి సార్, ఈ ప్రాబ్లమ్ రాదు."

సరే, కోత మొదలుపెట్టాం. మొదట పోయింది మాస్టారికి ఎంతో ఇష్టమైన వాక్యం. సామాన్యుల నోటి మాటను చరిత్రగా భద్రపరిచే పనికి 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అలన్ నెవిన్స్ అనే చరిత్రకారుడు ఒక రూపం ఇచ్చాడనీ, మేం చేసేది ఆ దారిలోనిదేననీ రాశారు. నెవిన్స్‌ను తీసేస్తుంటే ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

తర్వాత మాటల మార్పిడి. "జ్ఞాపకాలు" తొమ్మిది లాగుతోంది, "మాటలు" అయితే ఐదు. "వృద్ధులు" ఎనిమిది, "పెద్దలు" అంటే ఏడు. "సాంస్కృతిక కార్యక్రమం" మధ్య ఖాళీతో కలిపి 21. దాని బదులు "కళ" అని పెట్టాం, రెండు. ఒక్క దెబ్బకు 19 మిగిలేసరికి ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఇక్కడే మాకు పూనకం వచ్చిందనుకుంటాను. ఒత్తు కనిపిస్తే చాలు, తోటలో పాముని చూసినట్టు ముగ్గురం ఒకేసారి అరుస్తున్నాం. మా తమ్ముడు "ప్రజలు" తీసి "జనం" పెట్టాడు. నేను "ప్రదర్శన" మీద చెయ్యి వేశాను. మాస్టారు అసలే పద్యాలు కట్టే మనిషి, కోపం పోయి హుషారు వచ్చింది. అరగంట నిశ్శబ్దంగా కూర్చుని ప్రాజెక్టుకు పేరు కట్టారు:

"మన నగర కథ మన గడప గడప కథ."

ఒక్క కొమ్ము లేదు, దీర్ఘం లేదు, సున్నా లేదు. కంటికి పదిహేడు, యంత్రానికీ పదిహేడే, మధ్యలో ఆరు ఖాళీలు. ఆయన గెలిచారు. కానీ పేరా మొత్తం అలాగే తయారవుతూ వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చదివితే, ఇంకా గుణింతాలు రాని పిల్లల వాచకంలా ఉంది. అర్ధరాత్రి దాటింది కాబట్టి అందులో మాకొక అందం కూడా కనిపించింది.

చివరికి మిగిలింది అనుమతుల వాక్యం. ఇలాంటి పనిలో అది ముఖ్యం. ఎవరో మనల్ని నమ్మి చెప్పిన ఇంటి సంగతి గోడకెక్కుతోంది. అందుకని మొదట ఇలా రాసుకున్నాం: "మాట్లాడిన ప్రతి ఒక్కరి దగ్గరా సంతకం చేసిన అనుమతి పత్రం తీసుకుంటాం, వద్దన్నవాళ్ళ రికార్డింగ్ చెరిపేస్తాం." వంద దాటింది. మాస్టారు దాన్ని కొట్టేసి, గంభీరంగా ఉంటుందని ఇలా మార్చారు: "పెద్దల మాటలను వారి అనుమతి లేకుండా వాడుకుంటాం అనే ప్రశ్నే లేదు."

"అనుమతి తీసుకుంటాం" అంటే రెండు మాటల్లో పోయేది. ఇప్పుడు తడుతోంది. అప్పుడు ముగ్గురికీ తట్టలేదు. అంకె 498కి వచ్చింది, ఎరుపు పోయి పచ్చబడింది, పంపేశాం.

మొన్న ముఖాముఖికి పిలిచారు. బల్లకు అటువైపు ఐదుగురు, ఇటువైపు మేం ముగ్గురం. కమిటీ వాళ్ళకు ఫారం ప్రింటు తీసి ఇస్తారట, ఆ సంగతి మాకు తెలియదు. ఆ ప్రింటులో ప్రతి జవాబుకూ ఒక పెట్టె. పెట్టె ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి గీశారు. మన అక్షరాలకు నెత్తిన గుడులు, కింద ఒత్తులు, వరుసకీ వరుసకీ ఎడం ఎక్కువ కావాలి. ఎన్ని ఒత్తులు ఏరి పారేసినా కొన్ని మిగిలాయి కదా. చివరి వరుస పెట్టెలో పట్టలేదు. పెట్టె బయటైనా పడలేదు, అసలు లేదు.

మధ్యలో కూర్చున్న పెద్దావిడ పేరా చదివారు. గడప గడప దగ్గర చిన్నగా నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది. తర్వాత ఆవిడ నవ్వు ఆగింది. కాగితం కొంచెం దూరంగా పట్టుకుని, పైకే, ఒక్కొక్క మాటా విడివిడిగా చదివారు.

"పెద్దల మాటలను వారి అనుమతి లేకుండా వాడుకుంటాం."

గదిలో పంకా చప్పుడు వినిపించింది.

తెలుగులో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది దానికీ చివర వస్తుంది. చిన్నప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో ఇంత ప్రమాదం ఉందని నాకు ఆ క్షణం వరకూ తెలియదు. మాయమైనవి మూడే మూడు మాటలు.

"అమ్మా, ఆ వాక్యం ఇంకా ఉందండీ," అన్నాను.

"ఇక్కడ లేదండీ," అన్నారావిడ, కాగితం నా వైపు తిప్పి. నిజమే, లేదు. పక్కాయన తన ప్రతి చూసుకున్నాడు, ఆ పక్కాయన తనది చూసుకున్నాడు. ఎవరి ప్రతిలోనూ లేదు.

నేను ఒత్తులూ పెట్టెలూ యూనికోడూ అని మొదలుపెట్టేలోగా మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన అబద్ధం ఆడని మనిషి. "మేడమ్, మేం ముందు అందరి దగ్గరా సంతకాలు తీసుకుంటామనే రాశాం. జాగా చాలక అది తీసేశాం," అన్నారు.

నేను మాస్టారి చొక్కా అంచు పట్టుకుని లాగాను. ఆయన కూర్చోలేదు. "స్త్రీ వల్ల వచ్చిందండీ ఇదంతా," అన్నారు.

ఆ పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి చూసిన చూపు గురించి రాయను. కమిటీలో మరో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, వాళ్ళూ చూశారు. మా తమ్ముడు గోడ డిజైన్ తెరిచి చూపిస్తూ ఏదో చెప్పాడు గానీ ఎవరూ విన్నట్టు లేదు.

ఈ ఉదయం మార్కుల పట్టిక వచ్చింది. గ్రాంటు రాలేదు. నైతిక ప్రమాణాలకు 10కి 1. ఆ ఒకటి ఎందుకిచ్చారో అర్థం కాలేదు. స్పష్టతకు మాత్రం 10కి 10.

మాస్టారు దాన్ని ప్రింటు తీయించుకుని పట్టుకెళ్ళారు.