ఖరీదైన దేశంలో చవకగా దొరికేది ఏది?

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినవాళ్లను కదిలిస్తే ఆల్ప్స్ కన్నా ముందు భోజనం బిల్లు గురించే చెబుతారు. నార్వే, ఐస్‌లాండ్ చూసొచ్చినవాళ్లదీ ఇదే వరస. ఇక పొదుపు చిట్కాలు అందరికీ కంఠతా వచ్చినవే. సీజన్ కానప్పుడు వెళ్లండి, టికెట్లు ముందే కొనండి, హాస్టల్లో దిగండి. వాటిలో తప్పేమీ లేదు. కానీ అక్కడ ఏది ఎందుకు ఖరీదో పట్టించుకోకుండా పొదుపు మొదలుపెడితే చివరికి కడుపు మాడ్చుకోవడమే అవుతుంది.

అక్కడ ఖరీదైనది మనిషి శ్రమ. వడ్డించేవారికి, టాక్సీ నడిపేవారికి, గది శుభ్రం చేసేవారికి బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి. బిల్లులో కనిపించేది చాలావరకు ఆ జీతమే. కాబట్టి ఒక మనిషి మనకోసమే నిలబడి చేసే ప్రతి పనికీ జేబు ఖాళీ అవుతుంది. లక్షలమంది కలిసి వాడుకునే వాటి సంగతి వేరు. వాటి ఖర్చులో పెద్ద భాగాన్ని అక్కడి జనం పన్నుల రూపంలో ముందే కట్టేశారు.

జూరిచ్‌నే తీసుకోండి. ప్రపంచంలోనే ఖరీదైన నగరాల్లో ఒకటి. ఆ ఊళ్లో 1,200కు పైగా ఫౌంటెన్లు ఉన్నాయి, వాటిలో నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. అయినా పర్యాటకులు సీసా నీళ్లు కొంటూనే ఉంటారు! జెనీవాలో హోటల్లోనో హాస్టల్లోనో దిగితే ఊళ్లో బస్సులు, ట్రాములు ఎక్కడానికి ఉచిత కార్డు ఇస్తారు. లక్సెంబర్గ్ 2020లో దేశమంతటా బస్సు, ట్రాము, రెండో తరగతి రైలు టికెట్లే ఎత్తేసింది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ లోపలికి వెళ్లడానికి పైసా అక్కర్లేదు. న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం ముందు నుంచి సాగే స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్టే లేదు. విగ్రహం దగ్గర ఆగదు, నిజమే. కానీ ఫొటోకు అంతకన్నా దగ్గరికి వెళ్లాల్సిన పనేముంది?

వీటిని వాడుకోవాలంటే ఒక షరతుంది. ఒకచోట కుదురుగా ఉండాలి. పది రోజుల్లో ఏడు ఊళ్లు చుట్టాలనుకునేవాళ్లకు ఏ చిట్కా పనిచేయదు. రోజూ గది మార్చేవాళ్లు వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోలేరు, సూపర్ మార్కెట్‌లో రెండు రోజుల సరుకులు కొనుక్కోలేరు. అప్పుడిక పాస్‌లకు అలవాటు పడతారు. పాస్ అంటే పొదుపే అనే భ్రమ ఒకటి చాలామందిలో ఉంది. జపాన్‌లో ఏడు రోజుల సాధారణ రైల్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైల్లో వెళ్లి రావడానికి ఇరవై ఎనిమిది వేల దాకా అవుతుంది. పాత ధరకు ఆ ఒక్క ప్రయాణంతోనే దాదాపు గిట్టుబాటయ్యేది. ఇప్పుడు దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తితే తప్ప గిట్టదు. స్విట్జర్లాండ్‌లోనూ ఒకటి రెండు ఊళ్లలో మకాం పెట్టేవాళ్లకు, రోజూ వాడినా వాడకపోయినా డబ్బు పోయే పూర్తి పాస్ కన్నా నెల రోజులు టికెట్లు సగం ధరకు ఇచ్చే హాఫ్ ఫేర్ కార్డే మేలు.

అంతదూరం వెళ్లి రొట్టె, చీజ్ తిని రావడమేంటని కొందరు ఎగతాళి చేస్తారు. ఒక పూట మంచి రెస్టారెంట్‌లో తినండి, ఎవరొద్దన్నారు! మూడు పూటలా అక్కడే తింటూ, దేశం దోచుకుంటోందని గోల పెట్టడమే అర్థం కానిది.

అసలు నన్ను కుదిపేది పొదుపు కన్నా పెద్ద విషయం. ఒక దేశం ఎంత సంపన్నమైందో అక్కడి హోటళ్ల మెరుపు చెప్పదు, వీధిలో ఉచితంగా దొరికేది చెబుతుంది. తాగేనీరు, కూర్చోవడానికి పార్కు, వేళకు వచ్చే బస్సు. పర్యాటకులు అక్కడి జనంలా పన్నులు కట్టకపోయినా వాటిని అనుభవిస్తారు. ఆ ఉదారత అంతులేనిదేమీ కాదు. వెనిస్ 2024 ఏప్రిల్ 25న, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకు రద్దీ రోజుల్లో 5 యూరోల ప్రవేశ రుసుము మొదలుపెట్టింది. రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు, వాళ్లు కట్టే బస పన్ను వేరే ఉంది. అంటే పరుగెత్తేవాళ్ల మీదే భారం.

నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో ఎవరైనా గుడారం వేసుకోవచ్చు. ఒకేచోట రెండు రాత్రుల వరకు యజమానిని అడగనక్కర్లేదు. అంత ఖరీదైన దేశంలో సముద్రం ఎదురుగా పడక ఉచితం! కానీ లోఫోటెన్ దీవుల్లో కొన్ని చోట్ల ఇప్పటికే గుడారాలు వేయనివ్వడం లేదు. పడుకున్నవాళ్లు చెత్త, మలమూత్రాలు అక్కడే వదిలి వెళ్తుంటే ఆ ఊరివాళ్లు ఇంకేం చేస్తారు?