సైన్ 30కి మైనస్ వచ్చిందా? యంత్రాన్ని తిట్టకండి

లెక్కల మాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. విశాఖలోనే నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. గాజువాకలో పాఠాలు చెప్పే మిత్రుడు పంపాడు, ఎంవీపీ కాలనీలో ట్యూషన్లు చెప్పే మేడమ్ పంపారు, ఆఖరికి మా తమ్ముడూ పంపాడు. వాడు బ్యాంకులో పనిచేస్తాడు, సైన్‌తో వాడికేం పనో తెలీదు. సందేశంలో ఉన్నది ఇదీ: "కొత్తగా వస్తున్న గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు సైన్ 30 నొక్కితే మైనస్ 0.988 చూపిస్తున్నాయి. చిప్ నాసిరకం. రీసెట్ కొడితే సర్దుకుంటుంది. ఎప్పుడూ డిగ్రీలోనే ఉంచండి, రేడియన్ విదేశీ పద్ధతి. డిగ్రీ గుర్తు పెడితే ఏ మోడ్ అయినా ఒకటే. గ్రాఫ్ సరిగ్గా రాకపోతే స్క్రీన్ పోయినట్టే. పదిమంది మాస్టర్లకు పంపండి."

నేను ఎవరికీ పంపలేదు. దాని బదులు ఇది రాస్తున్నా.

చిప్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. రేడియన్ అంటే కోణాన్ని కొలిచే ఇంకో కొలత, ఒక్కోటి సుమారు 57.3 డిగ్రీలు. యంత్రం రేడియన్‌లో ఉంటే 30 అన్నది దానికి 30 రేడియన్లు. అంటే దాదాపు 1718.87 డిగ్రీలు. నాలుగు పూర్తి చుట్లు తీసేస్తే మిగిలేది 278.87 డిగ్రీలు. దాని సైన్ మైనస్ 0.988. లెక్క అచ్చంగా సరైనదే, అడిగిన ప్రశ్నే వేరు. డాబా గార్డెన్స్‌లో కొన్న కాలిక్యులేటర్‌ని ఈ ఒక్క కారణంతో తిరిగి ఇవ్వడానికి బయల్దేరినవాళ్లని నేనెరుగుదును. కొట్టువాడు బ్యాటరీ మార్చి ఇస్తాడు, అంతకంటే వాడు మాత్రం ఏం చేస్తాడు!

నిజానికి ఆ అంకె మనకి పనికొచ్చే అంకె. సైన్ 30 నొక్కి 0.5 వస్తే డిగ్రీ. మైనస్ 0.988 వస్తే రేడియన్. 0.454 వస్తే గ్రేడియన్, అంటే చుట్టు మొత్తాన్ని 400 భాగాలు, లంబకోణాన్ని 100 భాగాలు చేసే కొలత. 30 గ్రేడియన్లంటే 27 డిగ్రీలు, అందుకే ఆ 0.454. సైన్ బ్రాకెట్లో పై బై 6 కొట్టి 0.00914 వచ్చిందంటే తప్పు అవతలి వైపు నుంచి జరిగింది: ప్రశ్న రేడియన్‌లో, యంత్రం డిగ్రీలో. ఈ నాలుగు అంకెలూ నా స్టాఫ్‌రూమ్ బల్ల అద్దం కింద చీటీ మీద రాసి పెట్టుకున్నాను. డాక్టర్ నాడి చూసినట్టు జవాబుని చూసే మోడ్ చెప్పేయొచ్చు.

రీసెట్ దగ్గర సందేశం రాసినవారు నిజంగా నష్టం చేశారు. రీసెట్ అంటే యంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి అమరికకి పోవడం. ఆ అమరిక అన్నిటికీ ఒకటి కాదు. క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్‌లో షిఫ్ట్, 9 నొక్కి సెటప్ చెరిపేస్తే డిగ్రీకి వస్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ టీఐ-84 ప్లస్‌లో డిఫాల్ట్స్‌కి పోతే రేడియన్‌కి వస్తుంది! సందేశాన్ని నమ్మి టీఐ రీసెట్ చేసినవాడికి మళ్లీ అదే మైనస్ 0.988 ఎదురొస్తుంది. అప్పుడిక చిప్ మీద అనుమానం బలపడుతుంది. పైగా ఆ మెనూలో డిఫాల్ట్స్‌కి బదులు పొరపాటున ఆల్ ర్యామ్ ఎంచుకుంటే పిల్లలు రాసుకున్న ప్రోగ్రాములు, లిస్టులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎలకని పట్టడానికి ఇల్లు తగలబెట్టినట్టు. చేయాల్సింది చిన్న పని. టీఐలో మోడ్ కీ నొక్కి రేడియన్, డిగ్రీ ఉన్న వరుసకి బాణం కీలతో వెళ్లి కావలసినదాని మీద ఎంటర్ కొట్టాలి. ఎంటర్ మర్చిపోయి వెనక్కి వచ్చేస్తే మార్పు జరగదు, సగం మంది తడబడేది ఇక్కడే. 991ఈఎస్‌లో షిఫ్ట్, మోడ్, తర్వాత 3 డిగ్రీకి, 4 రేడియన్‌కి, 5 గ్రేడియన్‌కి. ఆ 3 నొక్కబోయి 5 నొక్కిన పిల్లలే 0.454 పట్టుకుని నా దగ్గరకి వస్తుంటారు.

"ఎప్పుడూ డిగ్రీలోనే ఉంచండి." అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే, ఎందుకంటే వినడానికి ఇది మంచి సలహాలానే ఉంటుంది. పదో తరగతి దాకా ఫరవాలేదు కూడా. ఇంటర్లో లిమిట్స్ మొదలైన రోజున కథ అడ్డం తిరుగుతుంది. సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంటే విలువ 1 అని బోర్డు మీద రాస్తాం. పిల్లాడు డిగ్రీలో ఉన్న యంత్రంలో 0.01 వేసి చూస్తే 0.01745 వస్తుంది. అది పై బై 180. సైన్ ఎక్స్ వాలుని సున్నా దగ్గర యంత్రంతోనే కనుక్కోమన్నా ఇదే అంకె, 1 రాదు. సైన్ అవకలజం, అంటే వాలు, కొసైన్ అన్న సూత్రం రేడియన్లలోనే నిజం. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, నలభై మంది ముందు నిలబడి నేర్చుకున్నాను. వెనక బెంచీ గుంటడు ఒకడు యంత్రం పైకెత్తి "సార్, మీ ఒకటి ఏటి సార్, నా దాంట్లో సున్నా పాయింట్ సున్నా ఒకటి ఏడు వస్తోంది" అన్నాడు. నేను ధీమాగా "నీది పాడైంది" అన్నాను. పక్కవాడిదీ అదే చూపించింది. గంట కొట్టింది కాబట్టి బతికిపోయాను.

ఇక రేడియన్ మనది కాదన్న మాట. పేరు మనది కాదు, ఒప్పుకుంటాను. జేమ్స్ థామ్సన్ 1873లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ పరీక్ష పత్రంలో ఆ మాటని అచ్చు వేయించాడు. ఆలోచన మాటేమిటి? ఆర్యభటుడి జ్యా పట్టిక తీయండి, జ్యా అంటే ఆనాటి సైన్. ఆయన చుట్టుని 21,600 కళలుగా, అంటే నిమిషాలుగా తీసుకున్నాడు, వ్యాసార్ధాన్నీ అదే కళల్లో కొలిచి 3438 అన్నాడు. చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే కొలతలో పెట్టడమే రేడియన్ వెనకున్న కిటుకు. 3438ని 60తో భాగించండి, 57.3 వస్తుంది. ఒక రేడియన్‌లో ఉన్న డిగ్రీలు అవే. పట్టికలో మొదటి అంకె 225, అంటే 225 కళల చాపానికి జ్యా కూడా 225. చిన్న కోణానికి సైన్ ఎక్స్ ఇంచుమించు ఎక్స్ అని ఇంతకంటే సూటిగా చెప్పలేం. పట్టికలోవి ప్రతి 225 కళలకీ జ్యా ఎంత పెరుగుతుందో చెప్పే అంకెలు, మొదటి ఎనిమిదీ కూడండి: 225, 224, 222, 219, 215, 210, 205, 199. మొత్తం 1719, సరిగ్గా 3438లో సగం. ఎనిమిది 225లంటే 1800 కళలు, 30 డిగ్రీలు. సైన్ 30 సగం అని అయిదో శతాబ్దపు చివర్లోనే లెక్క తేలిపోయింది, అదీ ఏ బటనూ నొక్కకుండా. క్లాసులో ఈ కూడిక వేయించి చూడండి, పిల్లలు రేడియన్‌ని పరాయిగా చూడడం మానేస్తారు.

డిగ్రీ గుర్తు మాట సగం నిజం. టీఐలో యాంగిల్ మెనూలోంచి ఆ గుర్తు తెచ్చి 30 పక్కన పెడితే రేడియన్ మోడ్‌లోనూ 0.5 వస్తుంది. క్యాసియో 991ఈఎస్‌లో మాత్రం జాగ్రత్త. ముందు కనిపించే డిగ్రీ, నిమిషం, సెకను గుర్తుల కీ యూనిట్‌ని మార్చదు. అది 30 డిగ్రీల 15 నిమిషాల లాంటివి రాయడానికే. రేడియన్‌లో ఉండగా ఆ కీతో 30 రాసినా యంత్రానికది ఉత్త 30. అసలు యూనిట్ గుర్తు కావాలంటే షిఫ్ట్ నొక్కి యాన్స్ కీ నొక్కాలి. ఇంతా చేసి విలోమ ప్రమేయాలకి గుర్తు అక్కరకు రాదు: సైన్ ఇన్వర్స్ 0.5 అడిగితే 30 రావాలా 0.5236 రావాలా అన్నది మోడే తేలుస్తుంది.

స్క్రీన్ పోయిందన్న భయానికి మన సముద్రం సాక్ష్యం. ఆర్కే బీచ్ ఆటుపోట్లని సైన్ వక్రంగా గీయమని ప్రాజెక్టు ఇస్తుంటాను. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి 0.5 ఇంటూ సైన్ ఆఫ్ 2 పై టి బై 12.42, టి గంటల్లో. ఎత్తు అర మీటరు అని మచ్చుకి అనుకున్నదే. రేడియన్‌లో గీస్తే రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు చక్కగా కనిపిస్తాయి. డిగ్రీలో గీస్తే దాదాపు తిన్నని గీత! సముద్రం ఆ ఇరవై నాలుగు గంటలూ పది సెంటీమీటర్ల దాకా పెరుగుతూనే ఉంటుంది, ఒక్కసారీ వెనక్కి తగ్గదు. ఆ గీతని బుద్ధిగా కాగితం మీదకి ఎక్కించి తెచ్చినవాళ్లున్నారు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా మాయదారిది. యంత్రం రేడియన్‌లో ఉండగా విండో, అంటే గ్రాఫ్ అడ్డంగా చూపించే హద్దులు, 0 నుంచి 360 పెడితే అందులో 57 అలలు పట్టాలి. టీఐ-84 ప్లస్‌లో గ్రాఫ్‌కి అడ్డంగా ఉన్నవి 95 చుక్కలు, అలకి రెండు చుక్కలైనా దక్కవు. కనిపించేది అసలు వక్రం కాదు, చుక్కల గజిబిజి. చూసినవాడు స్క్రీన్ పోయిందనే అంటాడు. మోడ్ సరిచేసి జూమ్‌లో 7 నొక్కితే మోడ్‌కి తగ్గ విండో అదే పెట్టుకుంటుంది. కోణం, దూరంతో గీసే పోలార్ గ్రాఫులకి ఇంకో మెలిక ఉంది: మోడ్ మార్చినా థీటా గరిష్ఠం, అంటే కోణం ఎక్కడిదాకా తిరగాలన్న హద్దు, తనంతట మారదు. 6.28 దగ్గరే వదిలేసి డిగ్రీలోకి వస్తే మూడు రేకుల పువ్వుకి బదులు మధ్యలో గడ్డిపోచంత గీత మిగులుతుంది.

కంప్యూటర్లో గ్రాఫులు గీసే డెస్మోస్ వాడేవాళ్లకి ఒక్క మాట: అది మొదట రేడియన్‌లోనే తెరుచుకుంటుంది, పానా బొమ్మ నొక్కితే డిగ్రీ దొరుకుతుంది. ఫోన్లలో మాత్రం బటన్ మీది పేరుని నమ్మకండి. ఐఫోన్ అడ్డంగా తిప్పితే కనిపించే రాడ్ బటన్ "ఇప్పుడు రేడియన్‌లో ఉన్నాను" అని చెప్పడం లేదు, "నొక్కితే రేడియన్‌కి పోతాను" అంటోంది.

ఇప్పుడు నా క్లాసులో అటెండెన్స్ అవ్వగానే అందరూ సైన్ 30 నొక్కి పైకి చదవాలి. మొన్న సోమవారం ముప్పై ఎనిమిది గొంతులు 0.5 అన్నాయి. కిటికీ పక్కమ్మాయి ఒక్కతే 0.454 అంది. నేను నోరు తెరిచే లోపే ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి, "మూడు నొక్కవే, అయిదు కాదు" అన్నాడు.